ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ సిస్టమ్‌కు విడి గ్రాఫిక్స్ కార్డు: డబ్బా విప్పడం నుంచి మొదటి రెండర్ దాకా

అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సులో చేరిన మా మేనల్లుడు ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి, "మామయ్యా, సిస్టమ్ ఆన్ అవుతోంది, విండోస్ కూడా వస్తోంది, బ్లెండర్‌లో రెండర్ పెట్టగానే మాత్రం టక్కున ఆరిపోతోంది" అన్నాడు. బ్లెండర్ అంటే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్, రెండర్ అంటే అందులో తయారుచేసిన సీన్‌ను పూర్తి బొమ్మగా మార్చడం. ఆ మధ్యాహ్నమే అతను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోటికి వెళ్లి, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొని, దుకాణంలో ఇచ్చిన ఒక చిన్న కన్వర్టర్ కేబుల్‌తో దాన్ని తానే బిగించుకున్నాడు. కార్డు మంచిదే, స్లాట్‌లో బిగించిన తీరూ సరైనదే. ఇబ్బందంతా కొనే ముందు అతను చదవని ఒక స్టిక్కర్‌లో ఉంది. దాని సంగతి కింద వివరంగా వస్తుంది. ఏ కార్డు కొనాలన్న ప్రశ్నకు జవాబులో ముప్పాతిక వంతు మన క్యాబినెట్ లోపలే రాసి ఉంటుంది కనుక, ఈ మార్గదర్శి దుకాణంతో కాక స్టార్ స్క్రూడ్రైవర్‌తో మొదలవుతుంది.

అసలు కార్డు అవసరమా?

ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ అనేది ప్రాసెసర్‌లోనే భాగంగా ఉంటుంది. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-8500లో యూహెచ్‌డీ 630 అనే గ్రాఫిక్స్ ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. టైపింగ్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, సినిమాలు, కోడింగ్ నేర్చుకోవడం వంటి పనులకు అది ధారాళంగా సరిపోతుంది. త్రీడీ రెండరింగ్, డావిన్సీ రిజాల్వ్ వంటి వాటిలో బరువైన వీడియో ఎడిటింగ్, కొత్త గేములు మీ పనైతేనే విడి కార్డు గురించి ఆలోచించాలి.

ఇంకొక మాట. మీ సిస్టమ్‌లో 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే, ముందుగా అలాంటిదే మరొకటి రెండో ఛానెల్ స్లాట్‌లో వేసి చూడండి. ర్యామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే దారి రెట్టింపు అవుతుంది కాబట్టి, ఆ దారి మీదే ఆధారపడే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ వేగం కూడా చెప్పుకోదగ్గంతగా పెరుగుతుంది. చిన్నచిన్న వీడియోలు ఎడిట్ చేసుకునేవారికి చాలాసార్లు ఇంతటితోనే పని జరిగిపోతుంది. కార్డు అమ్మాలనుకునేవారు ఈ మాట తమంతట తాము చెబుతారని ఆశించకండి.

ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఈ పద్ధతి వర్తించదు. వాటి లోపల కార్డు పట్టే స్లాట్ ఉండదు.

మొదటి అడుగు: డబ్బా విప్పి కొలతలు రాసుకోవడం

సిస్టమ్ షట్ డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, క్యాబినెట్ వెనకవైపు నుంచి చూస్తే కుడివైపు ఉండే మూతను విప్పండి, లోపల మదర్‌బోర్డు ఎదురుగా కనిపించకపోతే రెండో వైపు మూత విప్పాలని అర్థం. ప్రాసెసర్ ఫ్యాన్‌కు కిందుగా దాదాపు 9 సెంటీమీటర్ల పొడవున ఉండే స్లాటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్16 స్లాట్. కొన్ని బోర్డులపై ఇలాంటివి రెండు ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నా, కింది దానికి చాలా బోర్డుల్లో నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉంటాయి కాబట్టి, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పై స్లాట్‌నే వాడాలి.

ఇప్పుడు దర్జీ టేపుతో, క్యాబినెట్ వెనక గోడ నుంచి ఎదురుగా అడ్డొచ్చే మొదటి వస్తువు దాకా, అది హార్డ్ డిస్కు గూడు కావచ్చు, ముందు ఫ్యాన్ కావచ్చు, ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి రాసుకోండి. కార్డు పొడవు దీనికంటే కనీసం ఒక సెంటీమీటరు తక్కువగా ఉండాలి. ఎక్కువ కార్డులు రెండు స్లాట్ల మందం, అంటే నాలుగు సెంటీమీటర్లు ఆక్రమిస్తాయి కనుక, పై స్లాట్ కిందుగా ఆ మేర ఖాళీ ఉందో లేదో, ఆ చోట హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా కేబుళ్లు పైకి పొడుచుకుని ఉన్నాయో చూసుకోవాలి.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన రీఫర్బిష్డ్ సిస్టమ్‌లు మన నగరంలో విరివిగా దొరుకుతాయి. వాటిలో సన్నటి డబ్బా రకానికి మామూలు కార్డు పట్టదు. మామూలు కార్డు బ్రాకెట్ 12 సెంటీమీటర్లు ఉంటే, వీటిలో పట్టేది దాదాపు 8 సెంటీమీటర్లే. వీటికి లో-ప్రొఫైల్ అని పిలిచే పొట్టి కార్డే కావాలి. ఇలాంటి కొన్ని మోడళ్లలో స్లాట్ పూర్తి కరెంటు ఇవ్వదు కూడా, కాబట్టి మోడల్ నంబరు పెట్టి తయారీదారు మాన్యువల్‌లో ఆ స్లాట్ పరిమితి చూసి తీరాలి.

చివరగా మానిటర్ వెనకవైపు చూడండి. పాత మానిటర్లకు నీలిరంగు వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటుంది, కొత్త కార్డులపై మాత్రం హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులే ఉంటాయి. అలాంటప్పుడు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు సిగ్నల్‌ను మార్చే, లోపల చిప్ ఉండే కన్వర్టర్ కావాలి. రెండు కొసలకూ రెండు రకాల పిన్నులు అతికించిన ఉత్త కేబుల్ పనిచేయదు.

రెండో అడుగు: ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ చదవడం

ఈ పని మొత్తంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి, ఇక్కడ కాస్త నిలిచి చూద్దాం. క్యాబినెట్‌లో కరెంటు వైరు వచ్చి చేరే ఇనుప పెట్టెనే ఎస్ఎంపీఎస్ అంటాం. దాని పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఒక పట్టిక ఉంటుంది. పై వరుసలో +3.3వి, +5వి, +12వి అని, కింది వరుసలో ఒక్కొక్క దానికి ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. మనకు కావలసింది +12వి కింది అంకె. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ కరెంటును దాదాపు మొత్తం ఆ 12 వోల్టుల లైను మీదే లాగుతాయి. ఆ అంకెను 12తో గుణిస్తే ఆ లైను ఇవ్వగల వాట్లు వస్తాయి.

మా మేనల్లుడి క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాల్లో ఉంది. టార్చి వేసి పట్టిక చూస్తే +12వి కింద 16 ఆంపియర్లని ఉంది. పన్నెండు పదహార్లు 192 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది, అతని ప్రాసెసర్‌కు 65 వాట్లు, రెండూ కలిపితేనే 235. మరి విండోస్ ఎలా వచ్చింది? డెస్క్‌టాప్ చూపిస్తూ ఊరకే ఉన్నప్పుడు కార్డు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. రెండర్ మొదలవగానే తన పూర్తి వాటా అడుగుతుంది, ఎస్ఎంపీఎస్ తట్టుకోలేక తనను తాను ఆపేసుకుంటుంది. అలా ఆగిపోవడం అదృష్టమే. ఆ రక్షణ లేని నాసిరకం పెట్టె అయితే కాలిన వాసన వచ్చేది.

ఇక కనెక్టర్లు. స్లాట్ ద్వారా కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అంతకుమించి కావలసిన కార్డుకు ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా కేబుల్ వెళ్లాలి. ఆరు పిన్నుల కేబుల్ 75 వాట్లకు, ఎనిమిది పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించినవి. మీ ఎస్ఎంపీఎస్‌కు ఆ కేబులే లేకపోతే, అంత బరువు మోయడానికి దాన్ని తయారు చేయలేదని దాని అర్థం. కన్వర్టర్ పెట్టి ఆ లోటు కప్పిపుచ్చకూడదు. ముఖ్యంగా హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల లైనుపై 54 వాట్లకు మించి మోయలేదు. దాన్ని ఆరు పిన్నులకు మార్చి వాడితే ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది.

ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్, కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ లోపల ప్లస్, గ్రౌండ్ వైర్లు తారుమారుగా ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగు నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. బలవంతంగా నొక్కితే తప్ప దిగని కనెక్టర్ తప్పు కనెక్టరే అనుకోండి.

ఎస్ఎంపీఎస్ మార్చవలసి వస్తే కార్డు తయారీదారు సూచించిన వాటేజీని ప్రాతిపదికగా తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 3060, 4060 రెండింటికీ ఎన్విడియా సూచించేది 550 వాట్లు. ఎయిటీ ప్లస్ గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుందే కానీ మొత్తం నాణ్యతకు పూచీ కాదు కనుక, అది చూశాక కూడా 12 వోల్టుల అంకె చదవాలి. కేబుళ్లు విడిగా ఊడి వచ్చే మాడ్యులర్ రకమైతే పాత ఎస్ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి ఎప్పుడూ తగిలించవద్దు, ఆకారం కలిసినా లోపలి వరుస కలవకపోవచ్చు, పరికరాలు కాలిపోతాయి. బ్రాండెడ్ ఆఫీసు డబ్బాలు కొన్నింటిలో మదర్‌బోర్డు కనెక్టరే వేరే రకం ఉంటుంది, వాటికి బజారు ఎస్ఎంపీఎస్ అమరదు.

మూడో అడుగు: కార్డు ఎంపిక

కొలతలు, వాట్లు చేతిలో ఉన్నాక ఎంపిక తేలికవుతుంది. ఎస్ఎంపీఎస్ మార్చడం కుదరనివారు, సన్నటి డబ్బా ఉన్నవారు విడి పవర్ కేబుల్ అక్కర్లేని కార్డులకే పరిమితం కావాలి. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 75 వాట్ల జీటీఎక్స్ 1650లో కేబుల్ అడగని రకాలు, 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 ఈ కోవలోవి, మూడింటికీ లో-ప్రొఫైల్ రకాలున్నాయి. 3050 పేరుతోనే 8 జీబీ కార్డు వేరే ఉంది, దానికి కేబుల్ కావాలి కాబట్టి పేరుతో పాటు జీబీ కూడా చూడండి. ఆర్‌ఎక్స్ 6400 నాలుగే లేన్లతో పనిచేస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ఉన్న పాత బోర్డు మీద దాని వేగం మరింత తగ్గుతుంది, పైగా అందులో వీడియోను ఫైలుగా మార్చే ఎన్‌కోడర్ లేదు. ఎడిటింగ్ కోసమైతే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మంచి ఎస్ఎంపీఎస్ ఉన్నవారికి 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 పొదుపైనది. అయితే దానికి 8 జీబీ మెమరీ ఉంటే, అంతకంటే పాతదైన 3060లో 12 జీబీ రకం ఉంది. బ్లెండర్‌లో పెద్ద సీన్లు చేసేవారికి సీన్ మొత్తం కార్డు మెమరీలో పట్టడం ముఖ్యం కనుక, మా మేనల్లుడు 3060 ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టలేదు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి, లేకపోతే వేగం బాగా పడిపోతుంది, పాత సిస్టమ్‌లకు అవి నప్పవు.

సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1050 టీఐ, 1060 చవకగా దొరుకుతాయి. ఆ తరం కార్డులకు 2025 అక్టోబరుతో కొత్త గేములకు తగ్గట్టు వచ్చే డ్రైవర్లను (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఎన్విడియా ఆపేసింది, ఇకపై వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. ధర బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు

ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే సీటీసీకి నడిచి వెళ్లవచ్చు. ఒకే మోడల్‌కు నాలుగు దుకాణాల్లో ధర అడిగి, అది 18 శాతం జీఎస్టీతో కలిపి చెప్పిందేనా అని తేల్చుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటకు లొంగవద్దు. కార్డు మీది సీరియల్ నంబరు బిల్లుపై రాయించుకుంటేనే రేపు వారంటీకి ఆధారం ఉంటుంది. పాత కార్డైతే సిస్టమ్‌లో పెట్టి చూపించమని అడగండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే, పాత చిప్‌కు కొత్త పేరు పెట్టిన నకిలీ కార్డులను చాలావరకు పట్టిస్తుంది. తర్వాత కార్డుపై పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాంను పదిహేను నిమిషాలు నడిపి, తెర మీద రంగుల చుక్కలు, గీతలు వస్తున్నాయేమో, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూడండి. చూపించడానికి ఇష్టపడని చోట కొనకండి.

బిగించే ముందు రెండు జాగ్రత్తలు

ఎన్విడియా, ఏఎండీ లేదా ఇంటెల్ వెబ్‌సైట్ నుంచి మీ కార్డు డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రెండోది చాలామందికి తెలియదు. విండోస్ 11లో డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, కొత్త కార్డు వేసినా, బయోస్ (విండోస్ కంటే ముందే మొదలయ్యే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) సెట్టింగు మార్చినా, మరుసటిసారి ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని, వీలైతే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తీసేయాల్సిన పని లేదు.

నాలుగో అడుగు: బిగించడం

ప్లగ్ తీసేశాక పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు వదిలిపోతుంది. క్యాబినెట్‌ను, మదర్‌బోర్డు పైకి కనిపించేలా బల్ల మీద పడుకోబెట్టండి. కార్పెట్ మీద, మంచం మీద పరుపుపై ఈ పని చేయవద్దు. కార్డు కవరు విప్పే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ వదులుతుంది.

స్లాట్‌కు ఎదురుగా వెనక గోడకు ఉన్న ఇనుప పట్టీలు రెండింటిని తీసేయండి. లోకల్ క్యాబినెట్లలో ఇవి స్క్రూతో కాక రేకుతో కలిసే ఉంటాయి. అటూ ఇటూ వంచితే ఊడతాయి, అంచులు కోసుకుంటాయి కాబట్టి గుడ్డతో పట్టుకోండి. స్లాట్ చివర ఉన్న ప్లాస్టిక్ లాకును వెనక్కి నొక్కి తెరవండి. కార్డును అంచులతో పట్టుకుని, బంగారు రంగు పళ్లను వేళ్లతో తాకకుండా, స్లాట్‌కు నిటారుగా ఆనించి రెండు కొసలపైనా సమానంగా నొక్కండి. లాకు టక్కుమని తనంతట తాను పడుతుంది. కార్డు అంచు స్లాట్‌తో సమాంతరంగా ఉందా, ఒక వైపు పళ్లు పైకి కనిపిస్తున్నాయా అని పక్కనుంచి వంగి చూడండి. కనిపిస్తే పూర్తిగా దిగలేదని లెక్క. తర్వాత బ్రాకెట్ స్క్రూలు బిగించి, పవర్ కేబుల్‌ను దాని క్లిప్ పట్టేదాకా లోపలికి నెట్టండి. వైర్లేవీ కార్డు ఫ్యాన్లకు తగలకుండా పక్కకు కట్టాలి.

ఐదో అడుగు: మానిటర్ కేబుల్, బయోస్

మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టు నుంచి తీసి, కొత్త కార్డు పోర్టుకు పెట్టాలి. ఇంత చిన్న విషయం చెప్పాలా అనిపించవచ్చు. కానీ కేబుల్ పాత చోటే ఉంచేసి, కార్డు వేసినా గేము అలాగే నత్తనడక నడుస్తోందని నాతో అన్నవారు ఒకరిద్దరు కారు. వెనక నిలువుగా ఉన్న పోర్టుల గుంపు మదర్‌బోర్డుది, దాని కింద అడ్డంగా ఉన్న వరుస కార్డుది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర రావడానికి మామూలుకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు, ఒక నిమిషం ఆగండి. చాలా బోర్డులు కార్డును తామే గుర్తించి డిస్‌ప్లేను దానికి మళ్లిస్తాయి. అలా జరగకపోతే కేబుల్‌ను తిరిగి మదర్‌బోర్డుకు పెట్టి, ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ప్రైమరీ డిస్‌ప్లే అనే సెట్టింగును పీఈజీ లేదా పీసీఐఈకి మార్చండి. అక్కడే ఐజీపీయూ మల్టీ మానిటర్ కనిపిస్తే ఎనేబుల్ చేయండి. ఇంటెల్ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ అనే వీడియో మార్పిడి భాగం వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు పనికొస్తుంది కాబట్టి, కొత్త కార్డు వచ్చిందని దాన్ని పూర్తిగా మూసేయడం అనవసరం.

డ్రైవర్, పరీక్ష

విండోస్ వచ్చాక, తెర మొదట్లో ముద్దగా కనిపించినా కంగారు పడకుండా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో కొత్త కార్డు పేరు కనిపించాలి, ఇన్‌బిల్ట్ కూడా ఆన్‌లో ఉంటే జీపీయూ 0, జీపీయూ 1 అని రెండూ కనిపిస్తాయి. ఏదైనా ప్రోగ్రాం ఇంకా ఇన్‌బిల్ట్‌నే వాడుతుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరుసలో వెళ్లి, ఆ ప్రోగ్రాంకు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవచ్చు. బ్లెండర్‌లో మాత్రం ప్రిఫరెన్సెస్‌లోని సిస్టమ్ పేజీలో ఆప్టిక్స్ (OptiX) లేదా క్యూడా (CUDA) ఎంచుకుని, ఆపై సీన్ రెండర్ సెట్టింగులో డివైస్‌ను జీపీయూ కంప్యూట్‌కు మార్చాలి. రెండోది మరిచిపోతే రెండర్ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

డిస్‌ప్లే అసలు రాకపోతే ఈ క్రమంలో చూడండి: పవర్ కేబుల్ క్లిప్, స్లాట్‌లో కార్డు దిగిన తీరు, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 సెల్‌ను ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి వేస్తే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. కార్డు తీసేస్తే ఇన్‌బిల్ట్‌లో డిస్‌ప్లే వస్తోందంటే కనీసం మదర్‌బోర్డు క్షేమమని తేలుతుంది.

ఎండ, దుమ్ము, కరెంటు

హైదరాబాద్‌లో మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో కార్డు పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. కొత్తగా బిగించాక అరగంట రెండర్ నడుపుతూ జీపీయూ-జెడ్‌లో ఉష్ణోగ్రత గమనించండి. 70 నుంచి 80 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే ఇబ్బంది లేదు. పైకి పోతూనే ఉంటే క్యాబినెట్ ముందు ఒక ఫ్యాన్ లోపలికి, వెనక ఒకటి బయటికి ఊదేలా పెట్టించండి. బల్ల కింద గూట్లో క్యాబినెట్ ఇరికించి ఉంటే ముందు అక్కడినుంచి బయటికి తీయండి. రోడ్డు పక్క ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి దుమ్ము ఊదించాలి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి.

చివరగా యూపీఎస్. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లే. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు నిలబెట్టినదే, కొత్త కార్డుతో రెండర్ మధ్యలో కరెంటు పోతే అతికొద్ది నిమిషాల్లోనే చేతులెత్తేస్తుంది, బ్యాటరీ పాతదైతే ఒక్క బీప్‌తోనే ఆగిపోతుంది. మా మేనల్లుడికి కొత్త 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టించాక రెండర్ ఆగడం మానింది కానీ, యూపీఎస్ మార్చే డబ్బు అప్పటికి మిగల్లేదు. అందుకని అతనికి ఒక అలవాటు నేర్పాను: యానిమేషన్‌ను నేరుగా వీడియో ఫైలుగా కాకుండా, ఫ్రేముకొకటి చొప్పున పీఎన్‌జీ బొమ్మలుగా రెండర్ చేయించడం. గాలివానకు కరెంటు పోయినా అప్పటిదాకా అయిన ఫ్రేములు డిస్కులో భద్రంగా ఉంటాయి. కరెంటు వచ్చాక చివరి బొమ్మ నంబరు చూసుకుని, దాని తర్వాతి ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెడితే చాలు.